శిఖము భూమి

తల్లాడ నుండి కొత్తగూడెమునకు పోవు బాటలో ఏన్కూరు దాటి జూలూరుపాడు వైపు సాగు బాటసారికి, వరి మళ్లును మిరప చేలును క్రమముగా పలుచబడి, ఇప్ప, తునికి, మద్ది మ్రాకుల అడవి సమీపించుచుండుట కనబడును గాని, తాను రెండు మహానదుల పరీవాహములు ఇరుగుపొరుగుగా నుండు సీమలో నడచుచున్న సంగతి తోచదు. ఒక దిక్కు వాగులు వైరాలో గలసి మున్నేరు ద్వారా కృష్ణను చేరుచుండగా, వేరొక దిక్కు అడవుల నీరు కిన్నెరసాని వెంట గోదావరిని చేరుచున్నది. వానధార వాగై పరుగిడక మునుపే దానిని కొన్ని మాసములపాటు నిలువరించునవి ఈ సీమలో ఊరూరనున్న చెరువులు, కుంటలు. వానిని గూర్చి ముచ్చటించునపుడు మనము కట్ట పొడవును, తూముల సంఖ్యను, ఆయకట్టు ఎకరములను లెక్కింతుము. ఇవన్నియు అవసరమైన లెక్కలే. అయినను, జీవశాస్త్రదృష్టితో చూచువానికి చెరువునకు ప్రాణస్థానము కట్టయు గాదు, కట్టక్రింది లోతును గాదు. కట్టకు ఎదుటి దిక్కున, వానకాలమున నీటిక్రింద మునిగి, వేసవి సమీపించిన కొలది మెల్లమెల్లగా బయటపడుచు, ఏటిలో కొంతకాలము జలముగాను కొంతకాలము నేలగాను ఉండు శిఖము భూమియే దాని ప్రాణస్థానము.

చిత్తడి నేలలను గూర్చి ప్రపంచదేశములు ఒక ఒడంబడికకు వచ్చినది 1971 ఫిబ్రవరి 2వ తేదీన, ఇరాను దేశమున కాస్పియన్ సముద్రతీరమందలి రామ్సర్ పట్టణమున. ఆ ఒడంబడిక నిర్వచనము మిక్కిలి ఉదారమైనది. సహజములైనను మానవనిర్మితములైనను, శాశ్వతములైనను తాత్కాలికములైనను, నిలుకడ నీరైనను పారు నీరైనను, తీయని నీరైనను ఉప్పు నీరైనను, కడకు సముద్రతీరమున పోటు తీసినపుడు ఆరు మీటర్ల లోతు మించని భాగములతో సహా అన్నియు దాని పరిధిలోనివే. 1982లో భారతదేశము ఇందులో చేరినది. 1970 మొదలు 2015 వరకు గల కాలములో ప్రపంచమందలి చిత్తడి నేలలలో ఇంచుమించు నూటికి 35 వంతులు నశించినవని ఆ ఒడంబడిక సచివాలయమే 2018లో ప్రకటించినది. మన దేశమున ఉపగ్రహచిత్రముల సాయమున సిద్ధపరుపబడి 2011లో వెలువడిన పట్టికలో 7,57,060 చిత్తడి నేలలు ఎక్కినవి. వానిలో 5,55,557 రెండుంబావు హెక్టారులకంటె చిన్నవి. ఏన్కూరు పరిసరముల కుంటలవంటివానికి స్థానము ఈ చిన్నవాని లెక్కలోనే.

2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రక్షణ కల్పింపుమని ఆదేశించినది తక్కిన పెద్దవగు 2,01,503 నేలలకు. అదే సంవత్సరము కేంద్రప్రభుత్వము చేసిన నియమావళి, నదీగర్భములను, వరిపొలములను, త్రాగునీటికొరకును సేద్యముకొరకును ప్రత్యేకముగా నిర్మింపబడిన జలాశయములను చిత్తడి నేలల నిర్వచనము నుండి తొలగించినది. తెలంగాణమున చెరువన్నది సేద్యముకొరకే పుట్టినది గదా! ఎనిమిది శతాబ్దములుగా కొంగకును కొర్రమీనుకును తామరకును ఇల్లయి యున్న నీటిపట్టు, నరుడు కట్టినదన్న ఒక్క కారణమున, ఆ నియమావళి కంటికి పొలమునకు నీరందించు కట్టడము మాత్రమే యగుచున్నది. ఇది శాస్త్రమునకు విరుద్ధమని నా దృఢాభిప్రాయము. చెరువునకు వేరు చట్టముల అండ బొత్తిగా లేదనుట సరికాదు. నీరు, నేల, చెట్ల రక్షణకై చేసిన 2002 నాటి వాల్టా చట్టము కలదు. పది హెక్టారులును అంతకు మించియు విస్తీర్ణము గల చెరువునకు పూర్తి నీటిమట్టపు గీత నుండి 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు విడిచి ఇండ్లు కట్టవలెనను నియమమును కలదు. కాని ఈ నియమములు గీతకు వెలుపల లేచు గోడలను ఆపగలవే గాని, గీతకు లోపలి నేల స్వభావమును కాపాడజాలవు. కాపాడవలసిన ఆ స్వభావమెట్టిదో కొంచెము నెమ్మదిగా పరిశీలింతము.

గాలిలో కంటె నీటిలో ప్రాణవాయువు వ్యాపించు వేగము ఇంచుమించు పదివేల రెట్లు తక్కువ. శిఖము మునిగిన కొలది దినములలోనే మట్టియందలి సూక్ష్మజీవులు అచ్చట మిగిలియున్న ప్రాణవాయువునంతయు వాడివేయును; పైనుండి క్రొత్తది దిగుటకు నీరు అడ్డము. మనవంటి ప్రాణులకు అచ్చటితో బ్రతుకు ముగియును గాని, సూక్ష్మజీవులలో వేరు ఉపాయము నెరిగినవి పెక్కు కలవు. అవి శ్వాసక్రియకు ప్రాణవాయువునకు మారుగా ముందు నైట్రేటును, అది తీరిన పిమ్మట మాంగనీసును, ఆపై ఇనుమును, తదనంతరము సల్ఫేటును వాడుకొనును. ఇవన్నియు అడుగంటిన వెనుక మీథేను వాయువును పుట్టించు జీవులు విజృంభించును. ఈ వరుస యాదృచ్ఛికము గాదు. ఎక్కువ శక్తి నిచ్చు పదార్థము ముందును, తక్కువ శక్తి నిచ్చునది వెనుకను ఖర్చగుచుండును. చెరువు అంచున జానెడు లోతు మట్టి త్రవ్వి చూచినచో ఈ రసాయనక్రమము కంటికి కొంత కనబడును కూడ: పైపొర గోధుమవన్నె, దాని క్రింద బూడిదవన్నె, ఆ బూడిదవన్నె మట్టిలో తుంగవేళ్లు చొచ్చిన దారుల వెంబడి తుప్పువంటి ఎర్రని చారలు. తుంగ, జమ్ము మొదలగు మొక్కల కాడలలో గాలిగొట్టములవంటి సందులు కలవు. ఆకులు పీల్చిన ప్రాణవాయువు వాని వెంట వేళ్లకు దిగి, అచ్చటనుండి కొంత మట్టిలోనికి కారును. నీటిక్రింది నేలలో ఇనుము తుప్పుపట్టుటకు వలయు గాలి ఎక్కడిదను ప్రశ్నకు ఆ మొక్కలే సమాధానము.

మానవుని కార్యములతో సాక్షాత్తుగా ముడివడినది ఈ వరుసలోని మొదటి మెట్టు. మిరపకును ప్రత్తికిని వేసిన యూరియాలో పైరు గ్రహింపక విడిచిన భాగము నైట్రేటు రూపమున వాననీటితో వాగులోనికిని, వాగునుండి చెరువులోనికిని వచ్చును. అది అట్లే బావులలోనికి ఇంకినచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. క్రిందివాగులో కలసినచో నాచు ప్రబలి చేపలకు ఊపిరాడదు. కాని దారిలో శిఖముమీది పలుచని నీటిపొర తగిలినచో, ప్రాణవాయువు లేని మట్టిలోని సూక్ష్మజీవులు ఆ నైట్రేటును పీల్చుకొని, నిరపాయమైన నత్రజని వాయువుగా మార్చి ఆకాశమున కలిపివేయును. ఈ కార్యమునకు లోతైన నీరు తగదు. నీటికిని మట్టికిని స్పర్శ విస్తారముగా నుండవలెను. ఆహారముగా కుళ్లిన ఆకులుండవలెను. ప్రక్కనే ప్రాణవాయువు గల పొరయును లేని పొరయును పొందికగా నుండవలెను. ఇవన్నియు ఒక్కచోట కూడునది అంచుననే.

భాస్వరము గతి వేరు. అది గాలిలోనికి లేచు పదార్థము గాదు. బంకమట్టి రేణువులను, ఇనుమును అంటిపెట్టుకొని అడుగునకు దిగి పూడికలో నిలిచిపోవును. వేసవిలో చెరువెండినపుడు మన రైతులు ఆ పూడిక మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొనుట తరతరముల ఆచారము. చేనినుండి వానతో కొట్టుకొనివచ్చిన సారము చెరువు అడుగున పేరుకొనగా, అదే మరల చేనికి చేరుచుండెను. రసాయనశాస్త్రము పుట్టక పూర్వమే కృషీవలుడు ఆచరించిన ఈ వృత్తమును తలచినపుడెల్ల నాకు గౌరవము కలుగుచుండును. ట్రాక్టరు వచ్చినను, చేనికి పోవలసిన పూడిక ఇండ్ల పునాదులకును రోడ్ల గట్టులకును మరలినచోట ఆ వృత్తము తెగిపోవుచున్నది.

మీథేను సంగతి దాచరాదు. అది భూతాపమును పెంచు వాయువు. వరిపొలములవలెనే చెరువు అంచులును దానిని విడుచును. నీరు తీసి నేల ఎండిన మాసములలో గాలి చొరబడుటచే ఆ ఉత్పత్తి నిలిచిపోవుట మాత్రము గమనింపదగినది. ఎండుటవలన కలుగు మేళ్లు ఇంకను కలవు.

ఇక ప్రాణికోటి. ఎండ అడుగువరకు దిగు పలుచని వెచ్చని నీటిలో నాచు మొలకెత్తును. నాచును తిను సూక్ష్మజంతువులు, వానిని తిను పురుగులు, పిల్లచేపలు వరుసగా ఉదయించును. తెలంగాణ రాష్ట్రపు మీనముగా ప్రకటింపబడిన కొర్రమీను జీవితమంతయు ఈ అంచుతో పెనవేసికొన్నది. మొప్పలతోపాటు నేరుగా గాలి పీల్చు శక్తియు దానికి కలదు గావున, వేసవిలో చెమ్మ మిగిలిన బురదలో దాగి దినములు గడపగలదు. వానలు పడి శిఖమున గడ్డి మునిగినంతనే కలుపుమొక్కల నడుమ గూడు చేసికొని గ్రుడ్లు పెట్టును. ఎర్రని పిల్లలు గుంపుగా ఈదుచుండగా తల్లిదండ్రులు రెండును కావలి కాయును. 2016 నుండి ప్రభుత్వము చెరువులలో ఉచితముగా విడుచుచున్న బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లల సంగతి దీనికి భిన్నము. అవి పారు నదులలో వరదకాలమున సంతానము గను జాతులు. చెరువులో కొవ్వెక్కి పెరుగునే గాని వంశము నిలుపుకొనవు, ఏటేట క్రొత్తపిల్లలను తెచ్చి విడువవలసినదే. మత్స్యకారునికి అవి ఆదాయము, అందుకు నేను సంతోషింతును. అయినను, ఖర్చులేక తనంతట తాను పుట్టు కొర్రమీను, జెల్ల, పరక గడ్డియంచు లేని చెరువులో తరిగిపోవుచుండగా, విడిచిన పిల్లల సంఖ్య మాత్రమే చూచుకొని తృప్తిపడుట లెక్క తప్పుటయే.

పక్షులకు లోతు అంగుళములలో కొలత. ఉల్లంకిపిట్ట వంటి బురదపక్షులు మడమ లోతు నీటిలోనే ఆహారము వెదకగలవు. నత్తగుల్లకొంగ మోకాలి లోతునకు దిగును. ఈ కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగులును. నత్తను పట్టి, గుల్ల పగులకుండ కండను లాగికొనుటకు ఆ ముక్కు అనువైనది. దాని ఆహారమగు నత్త వేసవియంతయు ఎండిన బురదలో మూతవేసికొని నిద్రించి, తొలకరికి మేల్కాంచును. కార్తికము మొదలు ఫాల్గుణము వరకు, హిమాలయములకు ఆవలి మంచుదేశములనుండి వచ్చు వలసపక్షులు మన చెరువులకు దిగు కాలమును, రబీ సేద్యమునకు తూము తీయగా నీరు తగ్గి రోజురోజునకు క్రొత్త బురద బయటపడు కాలమును ఒక్కటే. ఈ పొందిక కట్ట కట్టినవారు ఉద్దేశించినది గాదు, పక్షులు కనుగొన్నది.

భూగర్భజలమును గూర్చి ఒక్క లెక్క చాలును. నిలిచిన చెరువునుండి దినమునకు సుమారు 1.4 మిల్లీమీటర్ల నీరు ఇంకునని మన భూగర్భజల శాస్త్రజ్ఞులు అంచనాలకు ప్రమాణముగా గైకొందురు. నూరెకరముల నీటిపరపు గల చెరువునకు ఇది దినమునకు అయిదున్నర లక్షల లీటర్లకు మించును. ఆరు మాసములు నీరు నిలిచినచో పది కోట్ల లీటర్లు. అడుగున కఠినశిల గల ఈ ప్రాంతమున ఆ శిల పైపొర శిథిలమై ఏర్పడిన పలుచని మట్టిలోనే నీరు దాగవలెను గావున, ఇట్లు మెల్లగా ఇంకు నీరు బావులకు ముఖ్యమైన ఆధారము.

కాకతీయుల కాలమున ఈ విద్య ఉన్నతదశ నందినది. పాకాల, రామప్ప చెరువులను ఎరుగనివారు లేరు. మనకు ఇంకను దాపున, ఇటీవలివరకు ఖమ్మము జిల్లాలోనే యుండిన బయ్యారమున, గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువును, దాని కట్టమీది శాసనమును కలవు. కాకతీయవంశక్రమమును నిర్ణయించుటకు చరిత్రకారులకు ఉపకరించిన శాసనములలో అది యొకటి. రాజవంశపు చరిత్రను చెరువుకట్టమీద నిలుపుట ఆ కాలమువారి గౌరవమునకు తార్కాణము. ఒక చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువునకు, దాని అలుగు ఆపై దానికి పోవు గొలుసుకట్టు ఏర్పాటు ఆనాటినుండి వచ్చినదే. నిజాము కాలమున 1930 ప్రాంతమున నిర్మింపబడిన వైరా జలాశయము ఇట్టి వాగుల నీటినే పెద్దయెత్తున కూడబెట్టినది.

గొలుసునందు ఒక్క కొక్కెము బలహీనమైనను కలుగు అనర్థమును 2024 ఆగస్టు చివరను సెప్టెంబరు మొదటను ఖమ్మము జిల్లా చవిచూచినది. ఆ కుండపోతకు మున్నేరు పొంగి ఖమ్మము నగరపు తీరవాడలను ముంచినది. ఎగువన పెక్కు చెరువులు తెగినవి. చెరువులు బాగుండినచో ఆ వరద రాకపోయెడిదని చెప్పుట అతిశయోక్తి. అంతటి వానను ఏ గొలుసుకట్టును పూర్తిగా ఆపజాలదు. కాని శిఖము నిండ పూడి, అలుగు మూసికొనిపోయి, కాలువ ఆక్రమింపబడిన చెరువు, వరదను ఆపుటకు బదులు తెగి దానికి తన నీటిని కూడ జతచేయును. ఆ దినములలోనే బుడమేరు విజయవాడను ముంచినది. ఆ బుడమేరు చేరవలసిన చోటు కొల్లేరు.

కొల్లేటి కథ ఈ వ్యాసమునకు వెలుపలిదైనను ప్రస్తావింపక తీరదు. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సర్ జాబితా కెక్కిన ఆ సరస్సున, గట్లు పోసి చేపల చెరువులుగా మార్చిన భాగములను 2006లో ప్రభుత్వము తెగగొట్టించినది. కొన్ని యేండ్లకే అచ్చటచ్చట గట్లు మరల లేచినవి. గట్టు తీసిన యంత్రము వెళ్లిపోవును. గట్టు వేయించు అక్కర అచ్చటనే యుండును. ఒడిశాలోని చిలికా విషయమున ఫలితము వేరు. పూడికచే సముద్రముతో సంబంధము సన్నగిల్లి, తీయనీరు హెచ్చి, కలుపు ప్రబలి, చేపలు తరిగి, 1993లో ప్రమాదస్థితిలోనున్న నేలల పట్టిక కెక్కిన ఆ సరస్సునకు 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారము తెరచిరి. ఉప్పునీటి రాకపోకలు మరల సాగినంతనే చేపలు పుంజుకొన్నవి. 2002లో ఆ పట్టికనుండి దాని పేరు తొలగినది. చిలికాను బ్రతికించినది అందలి ప్రతి భాగమును త్రవ్వుట గాదు, నీరు వచ్చిపోవు దారిని సరిచేయుట.

2015 మార్చిలో తెలంగాణమున ఆరంభమైన మిషన్ కాకతీయ 46,000 పైచిలుకు చెరువులను బాగుచేయు సంకల్పముతో సాగినది. కట్టలు బలపడినవి, తూములు మరమ్మతైనవి, లక్షల బండ్ల పూడిక చేలకు చేరినది. ఇంత విస్తారముగా చెరువులను తలచుకొన్న ప్రయత్నము ఆధునికకాలమున మరియొకటి అరుదు. అయినను పూడికతీతయందు ఒక పొరపాటు సులభముగా దొరలును. యంత్రమునకు లోతు త్రవ్వుట తేలిక, పలుచగా గీచుట కష్టము. తూము అడుగు మట్టముకంటె క్రిందికి తీసిన గుంతలోని నీరు ఆయకట్టునకు పారదు. నిలువుగా కోసిన అంచున గడ్డి మొలవదు, కొర్రమీను గూడు కట్టదు, దాహమునకు దిగిన పశువు పైకి రాలేక తల్లడిల్లును. పట్టణములలో చెరువు చుట్టును రాతికట్టు పరచి నడకదారులు వేయుట మరియొక ధోరణి. జనులు సాయంకాలము నీటిగాలికి నడచుట మంచిదే గాని, చుట్టును రాయి పరచిన చెరువునకు అంచు లేదు, అంచు లేనిదానికి పైన జెప్పిన పనులలో ఒక్కటియు చేతగాదు. ఒక దిక్కున కట్టను నడకకు విడిచి, ఎదుటి దిక్కున వాలు నేలను తుంగకు విడుచుటలో ఏ ఇంజనీరునకును అసాధ్యమేమియు లేదు.

ఇప్పుడు ఏన్కూరు సీమకు క్రొత్త ప్రశ్న వచ్చినది. గోదావరి నీటిని ఎత్తి తెచ్చు సీతారామ ఎత్తిపోతల పథకపు పంపులు 2024 ఆగస్టు 15న ఆరంభింపబడినవి. ఆ నీటిని ఏన్కూరు లింకు కాలువ ద్వారా నాగార్జునసాగరు ఎడమ కాలువలో కలుపుటకు ఏర్పాటైనది. వానలు మొగము చాటేసిన యేట ఆయకట్టు రైతు కంట నీరు రాకుండ చేయు ఈ కాలువను కాదనువాడు రైతు కష్టము నెరుగనివాడు. కాని కాలువనీరు అందు చెరువులను సంవత్సరమంతయు అలుగు మట్టమున నిండుగా నుంచవలెనన్న కోరిక సహజముగా పుట్టును. ఎన్నడును ఎండని శిఖము క్రమముగా శిఖము గాకుండ పోవును. బురద బయటపడనిదే తుంగగింజ, గడ్డిగింజ మొలకెత్తవు. నేల ఆరనిదే అడుగున పేరుకొన్న కుళ్లు చివుకదు. వలసపక్షికి కాలు మోపు చోటుండదు. గుర్రపుడెక్కకు మాత్రము పండుగ, ఏలయన వేసవి ఎండ దాని మొక్కలను మాడ్చివేయు ఏకైక ఉచిత సాధనము. పూడిక తీయుటకైనను నీరు దిగవలెను గదా. అమెజాను మొదలగు మహానదుల వరదమైదానములను పరిశోధించిన శాస్త్రజ్ఞులు 1989లోనే, నీరు ఎక్కుచు దిగుచునుండు లయయే అట్టి నేలల సంపదకు మూలమని సిద్ధాంతీకరించిరి. మన చెరువునకు ఆ లయ నిచ్చినవి నైరుతి ఋతుపవనమును, రబీ తూమును.

కావున కాలువనీరు అందు ప్రతి చెరువునకును నెలవారీ నీటిమట్టము ముందుగా నిర్ణయించి వ్రాసియుంచుట అవసరము: వానకాలము ముగియునప్పటికి పూర్తి మట్టము, మాఘమునకు ఇంత, చైత్రమునకు ఇంత, వైశాఖమున నడుమ గుంటలో చేపకును పశువునకును చాలునంత. నీటిపారుదల శాఖ ఇంజనీరును, ఆయకట్టు రైతులును, మత్స్యకారుల సహకారసంఘమును, శిఖమున పశువులు మేపు తండావారును గూడెమువారును కలసి కూర్చుండనిదే ఈ పట్టిక నిలువదు. ఏలయన మట్టము ఒక్క అడుగు హెచ్చిన ఒకరికి లాభము, వేరొకరికి మేత నష్టము. తూము ప్రక్కన కొలతరాయి పాతి, దానిపై ఎత్తును వారమువారము పుస్తకమున ఎక్కించు బాధ్యత ఒక మనుష్యునికి అప్పగించి, అతనికి జీతము నీయవలెను. పూర్వము ఊరి నీరటి ఈ పనినే పుస్తకము లేకుండ చేయుచుండెను, పంటలో అతనికి మేర కొలిచి ఇచ్చుచుండిరి.